పొరోతా పళ్ళు

పన్నెండు దాటి నాలుగు నిమిషాలైంది. ఒంటిగంటకి ప్రసారపు ఎర్రదీపం వెలుగుతుంది, బ్యూనస్ ఎయిరీస్ మొత్తం ఆదివారం రవియోలీ పళ్ళేల ముందు కూర్చుని కాచో బెరార్ది మొహం కోసం టీవీ పెడుతుంది, ఇవాళా పెడుతుంది, పెట్టక ఏం చేస్తుంది, డిసెంబరు నుంచి వేసవి మూడు నెలలూ కాచో లేక చప్పిడి తిండి తిన్నట్టుందని పొద్దున బస్సులో పక్కసీటావిడ కూడా వాపోయింది కదా. చప్పిడే తినండి, చస్తారా, అనుకుంది డెల్మీరా. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని స్టూడియోలో ఎడమ పక్క నల్లగుడ్డ వెనక బెంచీ మీద కూర్చుంది, అదీ ఎప్పుడూ కూర్చునే రెండో చోటులో కాదు, ఈ కొసన, పైనుంచి మైకు వేలాడే చోట, పొరోతా చోటులో. ఇరవై రెండేళ్ళు ఈ చోటు మీద కన్నేసి ఉంచింది. పొరోతాకి జలుబు చేసినప్పుడల్లా ఒక పక్క శిలువ గుర్తు వేసుకుంటూనే, ఇవాళైనా రాకపోతే బావుణ్ణు, అనుకునేది. ఇప్పుడొచ్చింది చోటు. కూర్చుంటే కింద ముళ్ళున్నట్టుంది.

వాళ్ళ ఉద్యోగం నవ్వడం. ఊరికే నవ్వడం కాదు, ముందు నవ్వడం. కాచో ఒక మాట అంటాడు, గ్యాలరీలో కూర్చున్న రెండు వందల మందికీ నవ్వాలా వద్దా అని ఒక్క క్షణం అనుమానం వస్తుంది, ఆ క్షణంలోకి ఈ నలుగురు ఆడవాళ్ళ నవ్వు దూకాలి, దూకితే జనం వెనకే వచ్చేస్తారు, గొర్రెలు కంచె దాటినట్టు. ముందు పొరోతా, వెనక డెల్మీరా, ఆ వెనక నెలీదా, మబెల్. పొరోతా నవ్వు కెటిల్లో నీళ్ళు మరిగినట్టు అడుగునుంచి మొదలై, పైకెక్కి, కొసకి వెళ్ళాక ఒక ఎక్కిలి పడి తెగిపోతుంది, ఆ ఎక్కిలికి జనం రెండోసారి నవ్వుతారు. కాచో అయితే వేదిక మీంచే అరిచేవాడు, "పొరోతా, చచ్చిపోకే తల్లీ, ఇంకా సగం ఉంది!" అని, ఆ మాట దేశంలో పిల్లలు కూడా అనేవాళ్ళు, బళ్ళో అనేవాళ్ళు, ఫుట్‌బాల్ మైదానంలో అనేవాళ్ళు, పొరోతా అనే మనిషి నిజంగా ఉందని ఎవరూ అనుకోలేదు, టీవీలో కనబడని మనిషి ఉందని ఎవరు నమ్ముతారు. ఈ ప్రోగ్రాం మొదటిరోజు పొరోతా డెల్మీరా చెవిలో చెప్పింది. "చూడు పిల్లా, నవ్వు ఒంటరిగా పోకూడదు. నేను ముందు వెళ్తాను, నువ్వు నా వెనకే రావాలి. రాలేదనుకో, నాది నవ్వు కాదు, నడిబజార్లో లంగా జారిపోయిన ఆడదాని బతుకు." అప్పట్నించీ డెల్మీరా వెనకే వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా పొరోతా నవ్వుని ఒంటరిగా వదల్లేదు. ఒక్క బుధవారం వదిలింది. అది నవ్వు కాదు, నడక.

పన్నెండూ తొమ్మిది. సంచీ జిప్పు తెరిచి, లోపల చెయ్యి పెట్టి, రుమాలు మూట తడిమి, మళ్ళీ మూసింది. ఉంది. ఎక్కడికి పోతుంది. పొద్దున పదకొండింటికి రిహార్సల్ జరిగింది. రిహార్సల్లో నవ్వకూడదు, అది ఆనవాయితీ, నవ్వు అక్కడే ఖర్చయిపోతే ఒంటిగంటకి మిగలదు, అందుకని అందరూ పెన్సిళ్ళు పట్టుకుని కాగితం మీద ఎక్కడెక్కడ నవ్వాలో గీతలు పెట్టుకుంటారు, పొట్టి గీత పొట్టి నవ్వుకి, పొడుగు గీత పొడుగు నవ్వుకి. మొదటి నాటిక ముక్క పోయిన సర్కారు పెద్దమనిషి జైలు గదిలో దోమలతో మాట్లాడటం. చచ్చిన పామునే ఇంకా కొడుతున్నారు, సరే, పొట్టి గీత. రెండోది ధరల గురించి, అందులో ధరలు పెంచినవాళ్ళ పేరు లేదు, ధరలు వాటంతట అవే చెట్టుకి కాసినట్టు ఉంది, సరే, పొట్టి గీత. మూడోది మొదలవగానే మబెల్ కాగితం మీంచి తలెత్తింది, డెల్మీరా కూడా ఎత్తింది. కాచో ముసలమ్మ వేషంలో వచ్చాడు. బూడిదరంగు కోటు, ఆకుపచ్చ అల్లికశాలువా, చేతికర్ర, మెడలో పెన్షనర్ల అట్టముక్క. పార్లమెంటు ముందు చౌకులో ఊరేగింపులో నడుస్తోంది ముసలమ్మ, నడుస్తూ పోలీసు డాలుకి తనే వెళ్ళి గుద్దుకుంది, తనే! కిందపడింది, నోట్లోంచి కట్టుడుపళ్ళు ఎగిరి దారం మీద గాల్లో తేలుతూ వెళ్ళి పోలీసు టోపీలో పడ్డాయి, పోలీసు సెల్యూట్ కొట్టి పళ్ళు తిరిగిచ్చాడు, ముసలమ్మ బోసినోటితో "నా పెన్షన్ కరుస్తుందా నాయనా?" అంది. స్టేజీ చూసుకునే కీకే వాచీ చూసుకుంటూ వచ్చి, "పళ్ళు ఎగిరినప్పుడు పెద్దది కావాలి అమ్మాయిలూ, పొడుగ్గా లాగండి, పోలీసుశాఖ మంత్రిగారొస్తున్నారు ఇవాళ, ముందువరసలో కూర్చుంటారు," అన్నాడు. అరవై దాటిన ఆడవాళ్ళని అమ్మాయిలూ అనడం ఇక్కడ అలవాటు, ఇన్నాళ్ళూ ముద్దుగానే ఉండేది. డెల్మీరా పెన్సిలు కాగితం మీద పెట్టింది. గీత రాలేదు, చిల్లు పడింది.

అలాంటి శాలువా తనే అల్లింది. డెల్మీరాయే అల్లింది పొరోతాకి, పోయిన చలికాలం ఈ బెంచీ మీదే, ముక్కకీ ముక్కకీ మధ్య. సరిగ్గా అదే ఆకుపచ్చ కాదనుకో, వేషాల గదివాళ్ళు దొరికింది తెచ్చారు, కానీ వార్తల్లో చూసి తెచ్చారు, చూసే తెచ్చారు. ఈ ఛానెల్లోనే కదా వేశారు ఆ దృశ్యం, మూడు వారాల కిందటి బుధవారం, సాయంత్రం వార్తల్లో ఒకసారి, రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున వెనకాల సర్కస్ బాజా పెట్టి మరోసారి, ముసలావిడ పడటం, పళ్ళు రాళ్ళ మీద దొర్లడం, ఎవరిదో బూటు వాటి మీద పడటం. మొహం సరిగ్గా కనబడదు, పళ్ళు మాత్రం బాగా కనబడతాయి. కాచో చూసి ఉంటాడు, కాఫీ తాగుతూ చూసి తొడ చరుచుకుని ఉంటాడు, ఒరే ఇది రాయండ్రా అని ఉంటాడు. అది పొరోతా అని వాడికి తెలీదు. ఎలా తెలుస్తుంది, వాడు పొరోతా మొహం ఎప్పుడైనా చూస్తే కదా! ఇరవై రెండేళ్ళు, ఆదివారం తరవాత ఆదివారం, దీపాలన్నీ వాడి కళ్ళలోకి, వీళ్ళ బెంచీ చీకట్లో, వాడు ఒక దోవన వచ్చి ఒక దోవన పోతాడు, వీళ్ళు సామాన్ల దోవన. వాడు పొరోతా నవ్వు తిని బతికాడు, తిండి పెట్టే చెయ్యి ఎవరిదో చూడలేదు. తెలియక చేశాడు పాపం అని నెలీదా అంటోంది. తెలియకపోవడమే తప్పు నెలీదా, తెలిసి చేస్తే వాడొట్టి దుర్మార్గుడు, తెలియక చేశాడంటే మనం వాడికి ఇన్నేళ్ళూ మనుషులమే కాము. అరికాలి మంట నెత్తికెక్కి డెల్మీరా చెవులు మోగుతున్నాయి. పన్నెండూ పదిహేడు.

పెన్షనర్ల ఊరేగింపుకి రమ్మని పొరోతా ఆ బుధవారం ఫోను చేసింది. "వస్తావా డెల్మీ? చెరో కొస పట్టుకుందాం బ్యానరు, నా పక్కన నిలబడేవాళ్ళు అంతా ఊతకర్రల బ్యాచీ, వాళ్ళని నేనే మొయ్యాలి." డెల్మీరా మోకాళ్ళ నొప్పి అంది. మోకాళ్ళకి ఏ నొప్పీ లేదు. కెమెరాలుంటాయి, ఛానెల్ వాళ్ళు చూస్తారు, మార్చిలో ప్రోగ్రాం మొదలయ్యేటప్పటికి పేరు కొట్టేస్తారు, పైగా నవ్వుల మిషను ఒకటి బయటిదేశం నుంచి తెప్పిస్తారని, మీట నొక్కితే ఎన్ని నవ్వులంటే అన్ని నవ్వులని అనుకుంటున్నారు, అదీ భయం. ఆ నొప్పి మాట పొరోతా నమ్మిందో లేదో. "సరేలే, కాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో," అంది. ఆ వేడినీళ్ళ మాటే ఇప్పటికీ కడుపులో కాలుతోంది. రాత్రి ఎనిమిదింటికి ఆస్పత్రినుంచి ఎవరో నర్సు పిలిచింది, ఆవిడ కాగితంలో మీ నంబరొక్కటే ఉందమ్మా అంది. తుంటి ఎముక విరిగింది. మంచం పక్క సొరుగులోంచి వస్తువులన్నీ ఒక సంచీలో వేసి ఇచ్చారు, తాళాలు, మాతే ఆకుల టీ తాగే గిన్నె, శాలువా, రుమాల్లో చుట్టిన పై వరస పళ్ళు, సగానికి విరిగి. ఎవరో ఏరి తెచ్చారట చౌకులోంచి, ఏ మహాతల్లో. కింది వరస దొరకలేదు. ఆ పళ్ళంటే పొరోతాకి ఎంత మురిపెమో! ఫోటోలో మూతి మూసుకుని నవ్వే మనిషి అవి పెట్టించుకున్నాక అద్దాల దుకాణాల ముందు ఆగి ఆగి నడిచేది. అయినా ప్రోగ్రాం మొదలయ్యే ముందు మాత్రం తీసేసేది, అవి నోట్లో ఉంటే నవ్వు కొసకి వెళ్ళినప్పుడు టకటక కొట్టుకుంటాయని, రుమాల్లో చుట్టి డెల్మీరా చేతిలో పెట్టేది. "జాగర్తే, నా అందమంతా నీ సంచీలో ఉంది." ఎర్రదీపం ఆరాక తిరిగిచ్చేది డెల్మీరా. ఇప్పుడూ సంచీలోనే ఉన్నాయి, తిరిగివ్వడానికి నోరే నొప్పులతో మూసుకుపోయింది, ఆస్పత్రిలో మొన్న చెంచాతో సూప్ పట్టిస్తుంటే గోడవైపు తిరిగి, "అందరూ చూశారుగా," అంది. తుంటి గురించి ఒక్క మాట అనలేదు. "నా పళ్ళు అందరూ చూశారుగా, డెల్మీ."

గ్యాలరీ తలుపులు ఇంకా తెరవలేదు. సామాన్లు సర్దేవాళ్ళు పోలీసు డాలు మీద దుమ్ము తుడుస్తున్నారు. ఆ మూల తెరవెనక నీలం పీట కనబడుతోంది, మూడుకాళ్ళ పీట, దాని మీద రంగు డబ్బాలు పెట్టారు. ప్రోగ్రాం పేరే నీలం పీట, సిగ్గు లేకపోతే సరి. ఏ సర్కారొచ్చినా, అధ్యక్షుడి గులాబీ భవనంలో ఎవడు కూర్చున్నా, కొత్త సీజను మొదటి ఆదివారం కాచో వాడి వేషం కట్టుకొచ్చి ఆ పీట మీద కూర్చోవాలి, కూర్చుంటే ఒక కాలు పొట్టిది గనక పీట ఊగాలి, ఊగినప్పుడు పొరోతా నవ్వాలి, అప్పుడు కానీ ఆ మనిషి ఈ దేశానికి అధ్యక్షుడైనట్టు కాదని జనం అనేవాళ్ళు. నలుగురిని కూర్చోబెట్టారు ఆ పీట మీద. మీసాలాయన, నిద్రమొహం ఆయన, మాట నత్తి ఆయన, ఇప్పుడు జైల్లో దోమలతో మాట్లాడుతున్నాయన. ఒకాయన ఫోనుచేసి బెదిరించాడు, ఒకాయన నవ్వినట్టు నటిస్తూ విస్కీ పంపించాడు, కాచో రెంటికీ లొంగలేదు, అప్పట్లో లొంగలేదు, ఆ రోజుల్లో వాడు వేదిక ఎక్కుతుంటే డెల్మీరాకి ఒళ్ళు పులకరించేది, నిజంగానే నవ్వొచ్చేది. ఈ డిసెంబరులో సర్కారు మారింది. ఐదో ఆయన వచ్చాడు. ఫిబ్రవరిలో స్క్రిప్టు రాసే గల్యార్దో పీట ముక్క రాసుకుని వచ్చాడు, కొత్తాయన ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళ దుప్పట్లు కొలిచి కత్తిరించే ముక్క, కారిడార్లో చదివి వినిపిస్తుంటే కాఫీ ఇచ్చే అమ్మాయి కప్పు జారవిడిచింది నవ్వాపుకోలేక. కాచో నవ్వలేదు. "కొత్తవాళ్ళు కదా, వంద రోజులైనా టైమివ్వాలి గల్యార్దో, జనం ఆశతో ఉన్నారు, ఇప్పుడు వెక్కిరిస్తే జనాన్నే వెక్కిరించినట్టు." గల్యార్దో తెల్లబోయాడు. "పాతవాళ్ళకి వంద గంటలివ్వలేదు కదయ్యా! కుర్చీ ఎవడిదో వేళాకోళం వాడిది, నువ్వే కదా చెప్పావ్?" కాచో భుజం తట్టాడు, తట్టి, "నీకు తెలీదు, రోజులు మారాయి," అన్నాడు. మర్నాడు గల్యార్దో బల్లమీద ఎవరో కుర్రవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఛానెల్ యజమానులకి కొత్తాయనతో చుట్టరికమో, స్నేహమో, రెండూనో. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు పీట మీద రంగుడబ్బాలు పెట్టేశారు. దీన్నే ఇక ముందు హాస్యం అంటారు కాబోలు. పడగొట్టినవాడు ముందువరసలో, పడ్డవాళ్ళు వేదిక మీద. అధికారంలో ఉన్నవాణ్ణి ఏడిపిస్తే వ్యంగ్యం, రోడ్డు మీద పడ్డదాన్ని ఏడిపిస్తే అదేమిట్రా? దానికి పేరు లేదా మీ భాషలో? బళ్ళో పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చేసేదాన్ని ఏమంటారో అదే.

పన్నెండూ ముప్పై. నువ్వేం తక్కువ తిన్నావే, అంది లోపల ఒక గొంతు, పొరోతా గొంతులా లేదు, తన గొంతే. మిలటరీ పాలన రోజుల్లో కాచో ఇంకా లేడు, ఇదే స్టూడియోలో వేరే ప్రోగ్రాం, అప్పుడు అత్తల మీద జోకులు తప్ప మరో జోకు లేదు, అత్తలూ తాగుబోతులూ లావుపాటి వంటమనుషులూ, డెల్మీరా అప్పుడే చేరింది, కొత్తది, పొరోతా ఇంకా పరిచయం లేదు, అత్తల మీద పొట్ట పట్టుకుని నవ్వింది, ఇంటికెళ్తే ఎదురింటి తలుపు ఊడి వేలాడుతోంది, ఆ ఇంటి కుర్రాణ్ణి రాత్రి తీసుకుపోయారట, తిరిగి రాలేదు. తరవాతి ఆదివారం మళ్ళీ అత్తలు. మళ్ళీ నవ్వింది. నత్తి ఆయన నత్తి మీద నవ్వింది, నత్తి ఆయన తప్పా? ఆయన పన్నులు ఆయన తప్పు, నత్తి కాదుకదా. ఎవరు పడ్డారు, ఎందుకు పడ్డారు, ఎవరు తోశారు, ఎన్నడైనా అడిగిందా? పెన్సిలు గీత చూసుకుంది, నవ్వమని చెయ్యి లేవగానే నవ్వింది. జనం వెనకొచ్చారు, తనే తోలింది. ఇవాళ స్నేహితురాలి పళ్ళయ్యేసరికి కడుపు మండుతోందా? మండుతోంది. అవును, మండుతోంది, ఇప్పుడైనా మండింది, అందుకు సిగ్గుపడమంటే పడతాను, మంట మాత్రం ఆర్పుకోను, అనుకుంది డెల్మీరా. సంచీ మీద వేళ్ళు బిగుసుకున్నాయి. లోపల రుమాల్లో విరిగిన అంచు గుడ్డలోంచి గుచ్చుకుంటోంది.

కాచో వచ్చాడు. వేషంతో, శాలువాతో, కర్రతో, మేకప్పు వాసనతో, కొత్త కుర్రవాళ్ళిద్దరు వెనక, నల్లగుడ్డ పక్కగా పోతూ బెంచీ కమ్మీ మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు, ఎప్పుడూ తట్టేలా, గుర్రాన్ని తట్టినట్టు. "అమ్మాయిలూ! మొదటి ఆదివారం! మీరే నా ఊపిరి, తెలుసుగా." కళ్ళు కాగితం మీదున్నాయి. డెల్మీరా లేచింది, సగం లేచింది, కాచో అని పిలిచింది, నోట్లోనే పిలిచింది, బయటికి గాలే వచ్చింది. చెప్తే? చెప్తే వాడు అయ్యయ్యో అంటాడు. మంచివాడే, ఏడుస్తాడు కూడా, వాడికి కన్నీళ్ళు త్వరగా వస్తాయి. శాలువా రంగు మారుస్తాడు. నీలంది కట్టుకుంటాడు, పళ్ళు మాత్రం అలాగే ఎగరేస్తాడు, పొరోతా కానప్పుడు ఎగరెయ్యొచ్చుగా మరి. ఇంకో ముసలమ్మవైతే పరవాలేదుగా. అందుకే చెప్పలేదు, భయంతో కాదు, లేదా సగం భయంతో, కూర్చుంది మళ్ళీ. వాడు వెళ్ళిపోయాడు. కాసేపటికి కీకే వచ్చాడు. "పొరోతాకి ఎలా ఉందట?" అన్నాడు, డెల్మీరా జవాబు చెప్పేలోగా చెవిలో తగిలించుకున్నదానితో మాట్లాడుతూ వెనక్కి నడిచాడు, "ఆఁ, మంత్రిగారి కారొచ్చిందా, గేటు తియ్యండి, గేటు తియ్యండి."

నెలీదా దగ్గరికి జరిగింది. నలభై ఏళ్ళ కూతురు మంచంలో ఉన్న మనిషి, ఈ పని పోతే ఆమెకి ఇంకేం లేదు, డెల్మీరాకి మాత్రం ఏముందని, మబెల్‌కి మాత్రం ఏముందని. "డెల్మీ, ఒక్క మాట చెప్పు. నువ్వు ముందెళ్తే నేను ఆగలేను, నాకు తెలుసు, నా నోరు నా మాట వినదు, ఇన్నేళ్ళ అలవాటు. నువ్వెళ్ళకపోతే నేను ముందెళ్ళలేను. ఏదో ఒకటి చెప్పు, నేను గుండె నిబ్బరం చేసుకుంటాను." మబెల్ అటుపక్కనుంచి వింటోంది, గోళ్ళు కొరుకుతూ. కీకే చెయ్యి లేచిన క్షణంలో తన గొంతు ఏం చేస్తుందో డెల్మీరాకే తెలియదు, ఇరవై రెండేళ్ళు చెయ్యి లేస్తే లేచిన గొంతది, అలవాటు అమ్మకంటే దగ్గర. "నా చెయ్యి పట్టుకో," అంది. "గట్టిగా నొక్కు. గోళ్ళు దిగినా సరే." గ్యాలరీ తలుపులు తెరిచారు, జనం వచ్చారు, ఆదివారం బట్టల్లో, చంటిపిల్లలతో, ముసలి తల్లుల్ని చెయ్యిపట్టుకుని మెట్లెక్కిస్తూ. వాళ్ళ వెనక ముదురునీలం సూటుతో మంత్రి వచ్చాడు, పక్కన ఛానెల్ యజమాని, ముందువరస మధ్యకుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేశాడు. ఎముకల ఆస్పత్రిలో ఏడో మంచం పక్కన ఎవరైనా టీవీ పెట్టి ఉంటారా? పెట్టే ఉంటారు. ఆదివారం కదా. నీలం పీట కదా.

ఎర్రదీపం వెలిగింది. దోమల ముక్క, కీకే చెయ్యి లేచింది, డెల్మీరా నవ్వింది, మిగతావాళ్ళు వెనకొచ్చారు, గ్యాలరీ వచ్చింది. ధరల ముక్క, నవ్వింది. తన నవ్వు తనకే వినబడింది, బాగానే ఉంది, పొరోతాది కాదు, అయినా పనికొస్తుంది, ఛీ. వాయిద్యాలు మోగాయి, ముసలమ్మ వచ్చింది, కోటు, కర్ర, శాలువా, గ్యాలరీలో వేషానికే చిన్న గుసగుస, మంత్రి అప్పుడే నవ్వుమొహం పెట్టుకున్నాడు. నడక. పోలీసు. డాలు. నెలీదా గోళ్ళు డెల్మీరా అరచేతిలో దిగబడ్డాయి. ముసలమ్మ పడింది, బాగా పడ్డాడు కాచో, అందులో వాడికి సాటి లేదు, కర్ర ఒకవైపు మనిషి ఒకవైపు, పళ్ళు దారం మీద లేచి దీపాల్లో తెల్లగా మెరుస్తూ గాల్లో ఈదుకుంటూ వెళ్ళాయి. కీకే చెయ్యి లేచింది.

గొంతులోకి వచ్చింది. నిజంగా వచ్చింది, ఎప్పుడూ వచ్చేలా అడుగునుంచి, అంత నీచమైనది అలవాటు. డెల్మీరా పళ్ళు బిగించి మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క క్షణం. జనానికి ఆ అనుమానపు క్షణం వచ్చింది, అందులోకి ఎవరూ దూకలేదు, క్షణం సాగింది, ఇంకా సాగింది, ఆ ఖాళీలో జనం మొదటిసారి తమంతట తాము చూడటం మొదలుపెట్టారు, కిందపడి ఉన్న ముసలావిణ్ణి. మూడో వరసలో ఒకావిడ తన తల్లి మోకాలి మీద చెయ్యివేసింది. పోలీసు సెల్యూట్ కొట్టాడు. బూటు చప్పుడు కూడా వినబడింది. కాచో లేచి కూర్చున్నాడు, నవ్వుకోసం ఆగాడు, నవ్వు రానప్పుడు మొహం సాగదీయడం తెలిసినవాడు సాగదీశాడు, రాలేదు. "నా పెన్షన్ కరుస్తుందా నాయనా?" అన్నాడు, మాట నేలమీద పడింది. కీకే రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు. నెలీదా కళ్ళు మూసుకుని ఉంది. అప్పుడు కాచో అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, దీపాలు తప్పించుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ చీకటివైపు చూశాడు, పాత చనువుతో, కాస్త జాలిగా కూడా పిలిచాడు.

"పొరోతా? ఏమే తల్లీ, చచ్చిపోయావా ఏంటి?"

డెల్మీరా లేవలేదు. అరవనూ లేదు. నోటికి జానెడు పైన మైకు ఉంది, పొరోతా మైకు.

"పొరోతా ఇక్కడ లేదు, కాచో. ఆస్పత్రిలో ఉంది. ఆ బుధవారం ఊరేగింపులో పోలీసులు తోస్తే తుంటి విరిగింది. నువ్వు కట్టుకున్నది ఆవిడ శాలువా. ఆ ఎగిరినవి ఆవిడ పళ్ళు. అసలువి నా దగ్గర ఉన్నాయి, కావాలంటే ఇస్తాను."

కాచో చెయ్యి నుదుటి మీదే ఉండిపోయింది. రంగు పూసిన మొహం కింద అసలు మొహం కదిలింది, పెదాలు పొరోతా అన్నాయి, ఈసారి పిలుపు కాదు. ఊరంతా పళ్ళేల ముందు ఫోర్కులు ఆగిపోయి ఉంటాయి. కాచో పొరోతాని పిలవడం, చీకట్లోంచి ఏదో గొంతు రావడం ప్రతి ఆదివారం ఉండేదేనని ఎవరో ముందే చెప్పి ఉంచారు మంత్రికి, ఆయన ఇదీ ముక్కలో భాగమే అనుకున్నాడు, బాగా కుదిరిందనుకున్నాడు, తల వెనక్కి వేసి, తొడ చరిచి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. పెద్దగా నవ్వాడు, కొసదాకా. కెమెరా ఆయనవైపు తిరిగింది. నవ్వు పైకెక్కింది, ఆగింది, వెనక ఎవరైనా వస్తున్నారా అని ఎదురుచూసింది. మంత్రి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. కీకే చేతులు ఊపుతూనే ఉన్నాడు, వెళ్ళండి, వెనకే వెళ్ళండి అని. డెల్మీరా సంచీ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది, ఆమె పక్కన నెలీదా, నెలీదా పక్కన మబెల్, వాళ్ళ అవతల రెండు వందల మంది. ఒక్కరూ వెళ్ళలేదు.